బూడిద చార కింద

బావిలోంచి చూస్తే ఆకాశం చిల్లుగవ్వంత కనిపించేది. మొండిది అని అందరూ పిలిచే ఆమెకి అది అలవాటే, పెళ్లయిన నాటి నుంచీ బావులు తవ్వుతోంది. ఆ రోజు మాత్రం పలుగు చేతిలోంచి జారింది.

మట్టి గోడలో నల్లటి బూడిద చార ఉంది. ఊళ్లో ఎక్కడ తవ్వినా అది తగులుతుంది. కొండవాళ్లు దిగొచ్చి అడవి కాల్చి కాపురాలు పెట్టిన నాటి బూడిద. "ఇక్కడ మొదటి పొయ్యి మాది, నీటివాళ్లు తర్వాత పడవల్లో వచ్చి చేరారు" అని వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. అందుకే ఊరిని ఏలే కోటవాళ్లు చాటింపు వేయించారు, నీటివాళ్లంతా నెల తిరిగేలోపు పడవలెక్కాలని.

ఆమె నీటిమనిషి. చారకి బాగా దిగువన, బంకమట్టిలో ఒక పుర్రె. దవడ కింద నెలవంకలా వంగిన ఎముక. తన దవడ తడుముకుంది. అదే ఎముక, నీటివాళ్లకి తప్ప ఇంకెవరికీ ఉండనిది. పక్కనే చిన్నది మరొకటి.

తమవాళ్లే ముందున్నారన్న సంతోషం రాబోయి మధ్యలోనే చచ్చిపోయింది. ఈమధ్యే పక్కవీధి బావిలో ఆమె మరిది తాడు తెగి పడి చనిపోయాడు. కొత్త తాడు. అతనికీ ఇలాంటిదే కనిపించి ఉంటుంది, తాడు ఎందుకు తెగిందో ఇప్పుడు తెలిసొచ్చింది.

"చప్పుడు ఆగిందేం?" పైనుంచి కోట కావలివాడు. నుదుటి మీద కొమ్ముల బుడిపెలున్న కొండమనిషి.

"రాయి తగిలిందయ్యా."

"పైకి పంపు, చూస్తా."

తాడు పట్టుకున్నది ఆమె ఆడపడుచు, చనిపోయినవాడి అక్క.

"వదినా, జల పడింది. అందర్నీ బిందెలు తెచ్చుకోమను."

ఇందాకటిదాకా తట్టల్లో పొడిమట్టే చూసిన మనిషి వదిన. అయినా ఆమె గొంతు వీధంతా మోగింది. "జల పడిందండోయ్, రండి."

ఎండిన వీధి, ఆశ ఎక్కువ. కొండవాళ్లూ నీటివాళ్లూ తోసుకుంటూ వచ్చారు. అప్పుడు మొండిది తట్టలో కూర్చుని, పెద్ద పుర్రెని కొంగులో కట్టుకుంది. తాడు ఊగినప్పుడల్లా కళ్లు మూసుకుంది. పైకొచ్చి పుర్రెని గట్టు మీద పెట్టింది.

"నీళ్లేవే?" అంది బిందె పట్టుకున్న కొండ ముసలమ్మ.

"లేవు అవ్వా. ఇది బూడిద కింద దొరికింది."

"ఎక్కడినుంచో తెచ్చి లోపల పెట్టింది దొంగముండ," అన్నాడు కావలివాడు, నడుం దగ్గరి కత్తి మీద చెయ్యేసి.

"ఇంకోటి మట్టిలోనే వదిలేసి వచ్చా. మీవాళ్లనే దిగమనండి."

ముసలమ్మ తన కొడుకు వైపు చూసింది. అతను దిగాడు. తిరిగొచ్చినప్పుడు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏముందిరా?"

"పసిబిడ్డదమ్మా. చార కిందే, కదల్చని మట్టిలో. దవడ కింద ఆ నెలవంక ఎముక ఉంది."

కావలివాడు గుంపుని చూశాడు. ఎవరూ అతనికి దారివ్వలేదు. చివరికి ముసలమ్మే జరిగి, "వెళ్లు, కోటలో చెప్పు. నా కొడుకే చూశాడని చెప్పు" అంది.

ఆ సాయంత్రానికి చార కింద ఏముందో చూడ్డానికి ఊళ్లోని బావులన్నిట్లోనూ జనం దిగారు. నెల తిరిగింది. చాటింపు వెనక్కి తీసుకోలేదు, అలాగని పడవలెక్కమని ఎవరూ రాలేదు. మొండిది వీధిలో పిల్లలు మళ్లీ ఆడుకుంటున్నారు. నీటివాళ్ల గుమ్మాల దగ్గర కట్టిపెట్టిన మూటలు మాత్రం ఇంకా ఏ ఇంట్లోనూ విప్పలేదు.