కిరాయి కుర్చీలు

ఫొటోలు అయిపోగానే బీరయ్యను చక్రాల కుర్చీలోంచి దించేశారు. ఇద్దరు మనుషులు చంకల కింద చేతులు వేసి లేపి, జంపఖానా మీద పడేశారు. కుర్చీ నాదే. అబిడ్స్‌లో నాకు సర్జికల్ సామాన్ల దుకాణం ఉంది. అమ్ముతాను, కిరాయికీ ఇస్తాను.

అది 2006. నాంపల్లిలో ఒక ఫంక్షన్ హాలు. దెబ్బతిన్న వెన్నును మూలకణాలతో బాగుచేసే స్టెమ్ సెల్ పరిశోధనకు సర్కారు సాయం చేయాలని సభ. పెట్టించింది ఒక ప్రైవేటు ఆసుపత్రి కంపెనీ. దాని మేనేజర్ భావనారాయణ నడుములు విరిగినవాళ్లను ఏరి తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. బీరయ్య స్లాబులకు సెంట్రింగ్ పని చేస్తూ పైనుంచి పడ్డవాడు. నడుము కింద స్పర్శ లేదు. పడుకుని పడుకుని పడ్డ పుండ్ల వాసన పెద్దలకు తగలకుండా అతని మీద సెంటు కొట్టారు, శవానికి కొట్టినట్టు.

"కుర్చీలెందుకు గుంజిన్రు?" అన్నాను.

"కిరాయి మధ్యాహ్నం వరకే కదండీ. మీకు నష్టం రాకూడదని," అన్నాడు భావనారాయణ.

నా నష్టం నాకు తెలుసు. బేరంలో సరుకు ఏదో, కొనేదెవరో చూడటం నా వృత్తి. సభ అడిగింది పరిశోధన. కంపెనీకి కావలసింది ఆ పేరు మీద వచ్చే సర్కారు భూమి. చూపించిన సరుకు బీరయ్య.

ఆ మాట ముందు వరుసలోనే ఉన్న యూనీస్‌కు చెప్పాను. లారీ గుద్దినప్పటినుంచి ఆమెదీ కుర్చీ బతుకే. బొగ్గులకుంటలో చేతి మిషన్ మీద బట్టలు కుడుతుంది. మరునాడు సాయంత్రం ఆమె సభకు తెచ్చినవాళ్లందరినీ నా దుకాణం ముందుకు పిలిచింది. గిరాకీ లోపలికి రాలేకపోయింది.

"ఎవడు జేస్తే ఏంది? నడుము లేస్తే సాలు," అన్నాడు బీరయ్య.

"లేస్తదని ఎవలకు తెల్సు మామా? ఇంకా పరీక్షలే. పరీక్షకు నీ బొక్కల మజ్జ గావాలె. మందు దొరికినంక నువ్వు గేటు బయట," అంది యూనీస్.

"అయితే వద్దందామా?"

"వద్దెందుకంటం? చెయ్యాలె. సర్కారు దవాఖానల చెయ్యాలె, అందరికీ ఇయ్యాలె. మన పేరు జెప్పి వాళ్లడుగుతున్నరు గద, మనమే అడుగుదాం."

"మనల్ని మాట్లాడనిస్తరా?"

"వచ్చే సభల గూడ ముందు వరుస మనదే. పైకెల్లి సెంటు గూడ కొడ్తరు."

అందరూ నవ్వారు. బీరయ్య కూడా.

రెండో సభకు మంత్రి వచ్చాడు. అదే హాలు, నా కుర్చీలే. "ఈ అభాగ్యుల కోసం" అని ఆయన మొదలుపెట్టగానే యూనీస్ కుర్చీ తోసుకుంటూ వెళ్లి స్టేజీ మెట్లకు అడ్డం పెట్టింది. మిగతావాళ్లు ఆమె పక్కకు చేరి బ్రేకులు వేసుకున్నారు.

"పరిశోధన మాకు గావాలె సార్. భూమి కంపెనీకెందుకు? సర్కారు దవాఖానల పెట్టుండ్రి. మాట ఇచ్చేదాకా ఈడికెల్లి లేవం."

మంత్రి ముక్కుకు రుమాలు పెట్టుకుని వెనక తలుపు నుంచి వెళ్లిపోయాడు.

"తీసుకొచ్చి భోజనం పెడితే ఇదా మీ విశ్వాసం?" అన్నాడు భావనారాయణ.

"పులిహోర పాసిపోయింది సారూ. మేం ఏమన్నా అన్నమా?" అన్నాడు బీరయ్య.

పోలీసులు వచ్చారు. ఎస్సై నన్ను పక్కకు పిలిచాడు.

"కుర్చీలు నీవేనట గద జయపాల్. కాజేసిన్రని రాసియ్యి. గుంజుకొని తోలేస్తం."

రాసిస్తే కంపెనీ బేరం నిలుస్తుంది. రాయకపోతే అది పోతుంది, సర్కారు ఆర్డర్లూ పోతాయి. కానీ ఆ జంపఖానా మీద మనుషులను పారేసిన చేతులకు నేను సరుకు అందించలేను. ఆ లెక్క తేలిపోయింది.

"కాజేసుడేంది సార్? నేనే ఇచ్చిన. ఉంచుకొమ్మన్న."

ఎస్సై నా కాలరు పట్టుకుని బయటికి తెచ్చి జీపులో పడేశాడు. జీపు కదలలేదు. హాల్లోంచి వచ్చిన కుర్చీలు ముందూ వెనకా నిలబడ్డాయి.

"సేటునొక్కన్నే తీస్కపోతరా? మమ్మల్ని గూడ ఎక్కించుండ్రి. నడవలేం, మీరే ఎత్తుకోవాలె," అన్నాడు బీరయ్య.

కానిస్టేబుళ్లు అతని మూత్రం సంచీ చూసి వెనక్కి జరిగారు. ఎస్సై రోడ్డు అవతల మూటలతో నిలబడి చూస్తున్న రైల్వే స్టేషను హమాలీలను కేకేశాడు. "ఏయ్, రాండ్రి. వీళ్లను ఎత్తి పక్కన పెట్టుండ్రి."

రాజనర్సు అనే హమాలీ ముందుకు వచ్చాడు. ఎస్సైని కాదు, యూనీస్‌ను అడిగాడు. "ఏందక్కా లొల్లి?"

ఆమె చెప్పింది. అతడు అంతా విన్నాడు. తలగుడ్డ విప్పి రోడ్డు మీద పరిచి, బీరయ్య కుర్చీ పక్కన కూర్చున్నాడు.

"ఎత్తం సార్," అన్నాడు.

వెనక ఒక్కొక్క హమాలీ నెత్తిమీది బరువు దించి కూర్చుంటున్నాడు.