పెద్దిరాజుగారి విత్తనం

ముప్పై ఏళ్ళుగా పెద్దిరాజు చేలో పండిన వడ్లే ఊరికి విత్తనం. నారుమళ్ళు పోసే ముందు ఇంటికో బస్తా చొప్పున తనే పంపిస్తాడు, ఊరికే. డబ్బు ఇస్తామంటే కోపం వస్తుంది. ఊళ్ళో అతనికి ఉన్న పేరంతా ఆ బస్తాల వల్ల వచ్చిందే. అది పోతే తనకు చెప్పుకోడానికి ఇంకేమీ లేదని అతనికి బాగా తెలుసు.

ఈ ఏటి వానాకాలం సార్వాలో ఆ చేలో వరి కన్నా ఊద కలుపు ఏపుగా పెరిగింది. ఊదగడ్డి లేతగా ఉన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. పదేళ్ళుగా పెద్దిరాజు దానికి ఒకే మందు కొడుతున్నాడు. సుడిదోమకి ఏటా మందు మార్చే మనిషి, కలుపు మందు దగ్గర మాత్రం పాతివ్రత్యం పాటించాడు. మొదట్లో ఊద మాడిపోయేది. తర్వాత్తర్వాత వాడి ఊరుకునేది. ఇప్పుడు రెండ్రోజులు పసుపు రంగు తిరిగి, మూడో రోజు లేచి నిలబడుతోంది.

ఆలమూరులో మందుల కొట్టు రాజబాబు చెప్పి చూశాడు. ఏటా ఒకే మందు కొడితే దానికి చావని మొక్కలే మిగిలి గింజ రాలుస్తాయనీ, మందు మార్చి, మిగిలినవాటిని గింజ కట్టకముందే చేత్తో పీకించాలనీ. పెద్దిరాజు అంతా శ్రద్ధగా విని, మందు కల్తీదని తేల్చి, మోతాదు రెట్టింపు చేశాడు. గట్టు మీది కందిమొక్కలు చచ్చాయి. ఊద నిక్షేపంగా ఉంది.

ఇక దారి లేక పాపాయమ్మ ఇంటికి వెళ్ళాడు. ఒకప్పుడు కలుపు తీసే ఆడవాళ్ళందరికీ ఆవిడే పెద్ద. మందు వచ్చిన ఏడు ఇక రావద్దని ఆవిడకి చెప్పింది పెద్దిరాజే. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ చేలో దిగి, ఆకు మొదట్లో వేలితో తడిమింది. వరికైతే అక్కడ పల్చటి పొర ఉంటుంది, ఊదకి ఉండదు. నాలుగు దుబ్బులు పీకి గట్టు మీద పడేసి, నడుం పట్టుకుని నిలబడింది.

"చెప్పకూడదు గానండి, మందుకి చావని ఊద మీ విత్తనం పోసిన చేలల్లోనే ఉందండి. నేను చుట్టుపక్కల ఊళ్ళ చేలన్నీ తిరిగేను. ఇంకెక్కడా లేదు."

పెద్దిరాజు గట్టు మీది దుబ్బు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. వడ్లతోపాటు ఊదని కూడా బస్తాల్లో కట్టి ఇంటింటికీ పంచింది తనే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

తప్పు ఒప్పుకోకపోతే అన్నం సహించదనిపించింది. ఆ మధ్యాహ్నమే, మొదట పక్క చేను వెంకన్న ఇంటికి వెళ్ళాడు. వెంకన్న కుర్చీ వేసి, బొండం కొట్టి ఇచ్చాడు. పెద్దిరాజు దాన్ని ముట్టుకోకుండా ఉన్నదంతా చెప్పేశాడు.

"ఆయ్, తెలుసండి," అన్నాడు వెంకన్న. "నాలుగేళ్ళయ్యింది."

"మరి చెప్పలేదేంటండీ?"

"మీ మొహం చూసి ఎలా చెప్తామండి."

మరి ఏటా పంపిన బస్తాలు ఏం చేశారని పెద్దిరాజు అడిగాడు. ఊరంతా కూడబలుక్కునే విత్తనం రాజోలు నుంచి తెచ్చుకుంటున్నామనీ, ఆయన వడ్లు బాతులకి వేస్తున్నామనీ, మనసు కష్టపెట్టుకుంటారని సంచులు ఉతికి మరీ వెనక్కి పంపుతున్నామనీ వెంకన్న చెప్పాడు. బాతులు గుడ్లు బాగా పెడుతున్నాయని కూడా చెప్పాడు, ఓదార్పుగా.

పెద్దిరాజుకి ఏడుపొచ్చింది. ఉతికిన సంచులు చూసి, ఊరికి తనమీద ఎంత గౌరవమో అని నాలుగేళ్ళూ మురిసిపోయాడు. లేచి నిలబడి, ఈ ఏడు నుంచి విత్తనం ఇవ్వనని, ఆ మాట అందరికీ తనే చెబుతానని అన్నాడు.

వెంకన్న వీధి గుమ్మం దాకా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అలా అనకండి. ఊళ్ళో అందరూ బాధపడతారు. మా బస్తా మాకు పంపించెయ్యండి."

కాదనడానికి పెద్దిరాజుకి మొహమాటం అడ్డొచ్చింది.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు.