స్లో నిలవని నీటి బండి

నేను ఒక నీటి బండిని. నాకు చక్రాలు లేవు, తెడ్డు లేదు, తెరచాప లేదు. స్కూటరు మీద కూర్చున్నట్టు నా మీద కూర్చుని చేతి దగ్గరి మీట నొక్కితే, కడుపు కిందనుంచి నీళ్ళు పీల్చి వెనక్కి చిమ్ముతాను. ఆ చిమ్మే నీళ్ళే నన్ను ముందుకు తోస్తాయి, పక్కకి తిప్పేవీ అవే. ఇంజను ఆగి నీళ్ళు చిమ్మకపోతే హ్యాండిలు ఎటు తిప్పినా నేను వినను. నా మీద ఎక్కినవాళ్ళలో చాలామందికి ఈ సంగతి నీళ్ళలో పడ్డాకే తెలిసింది.

నేను పుట్టింది సముద్రం కనపడని ఊళ్ళో, ఒక పెద్ద షెడ్డులో. నీటి బండిని నీళ్ళు లేనిచోట తయారుచేయడం మనుషులకే చెల్లింది. అక్కడినుంచి ఓడలో వచ్చాను గానీ పెట్టెలో ఉండటంవల్ల దారిలో సముద్రాన్ని చూడలేదు. మొదట నన్ను కొన్నది తీరం పక్కన ఉన్న ఒక హోటలు. అక్కడికి వచ్చినవాళ్ళు నా మీద తిరగడానికంటే ఫొటో దిగడానికే ఎక్కువగా ఎక్కేవారు. పెళ్ళి కాబోయే జంటలు కూడా వచ్చేవి. పెళ్ళికూతురు ఒక చేత్తో పట్టుచీర కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో ప్రాణం పట్టుకుని నవ్వేది. అన్ని నవ్వులు మోశాక నా రంగు వెలిసింది, సీటు చిరిగింది. కొత్త బండ్లు వచ్చాయి. నన్ను వంటింటి వెనక, పాత కుర్చీల పక్కన పెట్టారు.

అక్కడ నన్ను చూసినవాడు గురుమూర్తి. దిబ్బలపాలెం అనే పల్లెలో వేటకు పోయే మనిషి. ఆ పల్లెలో మగవాళ్ళు వానాకాలం మధ్యలో రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్ వెళ్తారు. అక్కడ పెద్ద మరపడవల మీద కూలికి వేటచేసి ఎండాకాలానికి తిరిగి వస్తారు. గురుమూర్తి పెళ్ళయిన ఏడాదినుంచీ అలాగే పోతున్నాడు. కూతురు నడక నేర్చుకున్న సంగతి ఫోనులో విన్నాడు. మాటలు నేర్చుకున్న సంగతీ ఫోనులోనే విన్నాడు.

ఆ మధ్య వాళ్ళ ఊరి ఇసుకతిన్నెలు చూడటానికి పట్నంనుంచి జనం రావడం మొదలైంది. నన్ను వాళ్ళకు సవారీకి తిప్పితే ఇంటి దగ్గరే బతకవచ్చని గురుమూర్తి అనుకున్నాడు. పడవలో, వలలో తనకున్న వాటా ఇచ్చేసి నన్ను తెచ్చుకున్నాడు.

నన్ను ఇసుకమీద దించినప్పుడు పక్కింటి కామేసు చుట్టూ తిరిగి చూశాడు. అతను ఊళ్ళో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు.

"ఏటిరా ఇది, పడవకి పుట్టిన స్కూటరా?" అన్నాడు.

"నవ్వుకో మావా. ఈ ఏడు నాను రైలెక్కను, అంతే," అన్నాడు గురుమూర్తి.

అతని భార్య కొర్లమ్మ దగ్గరికి వచ్చింది. నా సీటుకు పడిన చిరుగును బొటనవేలితో తడిమి చూసింది. మర్నాడు వల కుట్టే దారంతో దాన్ని కుట్టింది.

సవారీలు తిప్పాలంటే అనుమతి కావాలి. దానికి ఒక ఆఫీసరు వచ్చి పరీక్ష చేస్తాడు. నడుములోతు నీళ్ళలో నేను ఇంజను ఆగకుండా, ముందుకు లాగకుండా నిలబడాలి. మనిషి ఎక్కాలి. అలలు దాటి వెళ్ళి తిరిగి రావాలి. వినడానికి ఇంతే. కానీ నిలబడటమే నాకు కష్టం. మీట వదిలేసినప్పుడు కూడా ఇంజను తనంత తాను మెల్లగా తిరుగుతూ ఉండాలి. దాన్ని మెకానిక్కులు స్లో అంటారు. ఇంజనుకు పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బొరేటరు పక్కన ఒక చిన్న మర, అంటే స్క్రూ, ఉంటుంది. దాన్ని బిగిస్తే స్లో పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది.

పడవ ఇంజన్లకు కామేసు గట్టుమీదే స్లో పెడతాడు. ఒక డ్రమ్ములో నీళ్ళు నింపి, ఇంజనుకుండే నీళ్ళు తోసే ఫ్యానును అందులో ముంచి, చెవితో విని మర తిప్పుతాడు. డ్రమ్ములోనూ నీళ్ళే, సముద్రంలోనూ నీళ్ళే కనుక అది సరిపోతుంది. నేను డ్రమ్ములో పట్టను. అందుకని నన్ను ఇసుకమీదే ఉంచి, ఇంజను వేడెక్కకుండా పైపుతో నీళ్ళు పట్టి, ఇద్దరూ కలిసి స్లో పెట్టారు. కడుపు కింద తోయడానికి నీళ్ళు లేవు కదా, నా ఇంజను దూదిలా తేలిగ్గా తిరిగింది. వాళ్ళు తగ్గించారు. ఇంకా తగ్గించారు. చివరికి నా చప్పుడు చద్దన్నం తిన్న పిల్లి గురకలా అయింది.

"అద్గదీ! ఇప్పుడు పాడుతున్నాది సూడు," అన్నాడు కామేసు.

గురుమూర్తి తల్లి నీలమ్మ పసుపు, కుంకుమ తెచ్చి ఆ మర తల మీద బొట్టు పెట్టింది. అది ఆ పల్లె పద్ధతి. ఇంజను సరిచేసి బొట్టు పెట్టాక, సముద్రంలోకి వెళ్ళి వచ్చేదాకా ఆ మరను ఎవరూ తిప్పకూడదు. తిప్పితే గంగమ్మను నమ్మనట్టే. నడిసముద్రంలో ఇంజను విప్పుకుని కూర్చుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళను చూసి, పెద్దలెవరో పెట్టిన కట్టు అది. మంచి కట్టే.

పరీక్ష రోజు ఊరంతా గట్టున నిలబడింది. నన్ను నీళ్ళలోకి తోశారు. గురుమూర్తి ఇంజను లేపి, మీట వదిలాడు. నా కడుపులోకి సముద్రం వచ్చింది. ఇసుకమీద పెట్టిన ఆ కొంచెం బలంతో నేను దాన్ని తొయ్యలేకపోయాను. ఆగిపోయాను. మళ్ళీ లేపాడు. మళ్ళీ ఆగిపోయాను.

"స్లో తగ్గిపోయింది, బాబూ. మర కాస్త బిగించు," అన్నాడు ఆఫీసరు. ఆయన మంచివాడే. ప్యాంటు నడుందాకా తడిసినా నీళ్ళలోనే ఓపిగ్గా నిలబడ్డాడు.

గురుమూర్తి నా మూత తీశాడు. చెయ్యి మర దాకా వచ్చింది. బొట్టు ఇంకా ఎర్రగానే ఉంది.

"ముట్టుకోకురా!" గట్టుమీదనుంచి నీలమ్మ అరిచింది. "బొట్టెట్టినాక తిప్పీసి, మీ అయ్య ఏమైపోనాడో మర్సిపోనావేటి!"

గురుమూర్తి చెయ్యి వెనక్కి వెళ్ళింది. మూత వేశాడు. మీట వదలకుండా కొంచెం నొక్కి పట్టుకుంటే చాలుననుకుని ఆఫీసరును వెనక ఎక్కించుకున్నాడు. అలల దాకా బాగానే వెళ్ళాం. అక్కడ ఒక పెద్ద అల లేచింది. పడవ మనిషి కదా, అల వస్తే వేగం తగ్గించాలని అతని చేతికి అలవాటు. మీట వదిలాడు. నేను ఆగిపోయాను. అతను హ్యాండిలు తిప్పాడు గానీ నేను తిరగలేదు. అల మమ్మల్ని అడ్డంగా కొట్టింది.

ఆఫీసరు ఉప్పునీళ్ళు కక్కుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. తిట్టలేదు. "బాగుచేయించి వచ్చే ఏడు తీసుకురా," అన్నాడు. గురుమూర్తి ఆగస్టులో రైలెక్కాడు.

ఆ ఏడాదంతా నేను తాటాకు పాకలో ఉన్నాను. ఉప్పు గాలి నెమ్మదిగా లోపల పని చేసింది. ఎండాకాలంలో గురుమూర్తి నల్లబడి వచ్చాడు. ఇంటికి వచ్చిన రోజే కూతుర్ని ఎత్తుకుని నా దగ్గరికి వచ్చాడు. ఈసారి నీలమ్మ బొట్టు పెట్టడానికి రాలేదు. గుమ్మంలో కూర్చుని, "నీ ఇష్టం నాయినా, నానేటీ అనను," అంది. ఈసారి అతను నీళ్ళలోనే స్లో పెట్టాడు. చల్లగా ఉన్నంతసేపు నేను చక్కగా నిలబడ్డాను. వేడెక్కగానే నా ఇంజను ఎవరూ అడగకుండానే ఉరకడం మొదలుపెట్టింది. అతను తగ్గిస్తే ఆగిపోయేది. పెంచితే పరుగెత్తేది. రోజూ తెల్లారగానే వచ్చి తిప్పేవాడు. ఇంటిల్లిపాదీ కూడు మానుకుని కొన్న పెట్రోలు అలా అయిపోయింది. జబ్బు ఎక్కడున్నా సరే, మనుషులు చేతికి అందిన మరనే తిప్పుతారు. నా జబ్బు ఆ మరలో లేదు. చెప్పడానికి నాకు నోరు లేదు.

పరీక్ష రోజు ఆఫీసరు ఒక కాలు నా మీద పెట్టాడో లేదో, నేను ముందుకు ఉరికాను. ఆయన వెల్లకిలా పడ్డాడు. ఈసారి 'వచ్చే ఏడు తీసుకురా' అనలేదు.

గురుమూర్తి మళ్ళీ రైలెక్కాడు. వెళ్ళేముందు నా మీద పరదా కప్పి, తాళ్ళతో కట్టి, "ఇది జాగర్త," అన్నాడు కొర్లమ్మతో.

దీపావళి వెళ్ళాక కొర్లమ్మ పాత సామాన్ల మనిషిని పిలిచింది. నీలమ్మ గుమ్మంలోనుంచి, "ఆడొచ్చి అడిగితే ఏటి సెప్తావే?" అంది.

"ఇది ఉన్నన్నాళ్ళూ మీ కొడుకు దీని సుట్టూనే తిరుగుతాడత్తా. మళ్ళా అందరం కూడు మానుకుని పెట్రోలు కొనాలి. మళ్ళా పడిపోవాలి. మళ్ళా ఏడుపు మొకంతో రైలెక్కాలి. ఒట్టి రైలెక్కడమే మేలు."



సామాన్ల మనిషి ముందు సీటు పీకాడు. వల దారం కుట్లు గట్టిగా ఉన్నాయి, కత్తితో కోయాల్సి వచ్చింది. తరవాత ఇంజను బయటికి లాగి, ఇసుకలో పెట్టి, సమ్మెటతో కొట్టాడు. రెండో దెబ్బకు నడిమికి పగిలింది. అప్పుడే కొర్లమ్మ ఫోను మోగింది.

"కొర్లీ!" గురుమూర్తి గొంతు నాకూ వినపడింది. అంత గట్టిగా మాట్లాడుతున్నాడు. "జబ్బు మరలో కాదంట! ఇక్కడ ఇంజను మేస్త్రీని అడిగినాను. లోపల ఇంజనులో తిరిగే కడ్డీకి రెండు రబ్బరు సీళ్ళు ఉంటాయంట. అయి అరిగిపోతే గాలి దూరుతాదంట. అందుకే సలవగా ఉంటే ఒకలాగ, యేడెక్కితే ఒకలాగ. సీళ్ళు మారిస్తే సాలంట! నాను కొనీసినాను కూడా. సంచిలో ఎట్టుకున్నాను."

అతను చెప్పింది నిజం.

కొర్లమ్మ ఇసుకలో ఉన్న రెండు ముక్కలవైపు చూసింది. సామాన్ల మనిషి సమ్మెట దించి ఆమె మొహం చూస్తున్నాడు.

"వింటన్నావా? బండి బాగున్నాదా?"

"బాగున్నాది మావా. పరదా కప్పే ఉంచినాను," అంది. "నువ్వు తిన్నావా?"

"తింటాను. వొచ్చీ ఏడు సూడు కొర్లీ..."

"ముందు తిను," అని ఫోను పెట్టేసింది.

గుమ్మంలో నీలమ్మ తల దించుకుంది. సామాన్ల మనిషి, "ఉంచీమంటావేటమ్మా?" అని అడిగాడు. అడిగినవాడికీ తెలుసు, పగిలినదాన్ని ఉంచి చేసేదేమీ లేదని.

కొర్లమ్మ కొంగు నడుముకు బిగించింది. వంగి నా ఇంజను ముక్కకు ఒక వైపు చేతులు వేసింది.

"ఎత్తు బావూ. బరువుగా ఉంటాది, నానూ ఓ సెయ్యేస్తాను."