సోమవారం కీ

ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదింటికి అన్నయ్య బజారు మధ్యనున్న గడియార స్తంభం ఎక్కేవాడు. అదే వేళకి సెలూన్ బాబాయ్ స్తంభం గుమ్మం ముందు స్టూలు వేసుకుని, కత్తి నూరుకుంటూ కూర్చునేవాడు. అరగంటకి అన్నయ్య దిగివచ్చేవాడు, నెల రోజుల గడ్డంతో.

గోళ్ళు పెరిగి ఉండేవి. జుట్టు చెవుల మీద పడేది. బాబాయ్ అవన్నీ తీసేస్తూ, "ఈసారి నెరుపు కాస్త ఎక్కువే వచ్చింది నాయనా" అనేవాడు, ఇవాళ ఉక్కగా ఉంది అన్నంత మామూలుగా. ఆ గడియారానికి కీ ఇచ్చేవాళ్ళ ఆయుష్షులోంచి వారానికో నెల పోతుందని బజారులో అందరికీ తెలుసు. కీ ఇచ్చే వంశం వీళ్ళది. తాత ఇచ్చాడు. నాన్న ఇచ్చి, నలభై రెండేళ్ళకే ముసలితనంతో పోయాడు. అన్నయ్యకి ఇప్పుడు ముప్ఫై ఒకటి. చూడ్డానికి ఎనభై.

గడియారానికి మాత్రం ముళ్ళు లేవు. తాత కాలంలో వచ్చిన గాలివానకి ఊడి పడ్డాయట. ఎవరూ మళ్ళీ పెట్టించలేదు. టైము కావలసినవాళ్ళు జేబులో ఫోను తీసి చూసుకునేవారు.

స్తంభం నీడలోనే చెల్లెలి షాపు. చేతి గడియారాలు, గోడ గడియారాలు బాగుచేస్తుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, నోరు కాస్త ఎక్కువని పేరు. అన్నయ్యకి పొద్దున మాత్రలూ, రాత్రి మోకాళ్ళకి కాపడమూ ఆ పిల్లే చూసుకునేది.

ఒక సోమవారం నలభయ్యో మెట్టు దగ్గర అన్నయ్య మోకాళ్ళు మొరాయించాయి. గోడకి ఆనుకుని కూలబడ్డాడు. కింద ఉన్న చెల్లెలికి ఆ చప్పుడు వినపడి పరుగెత్తుకొచ్చింది.

"దిగిపోదాం పద."

"తిప్పకుండా ఎలా దిగుతానే చిట్టీ? పైదాకా సాయం పట్టు చాలు. గదిలోకి మాత్రం రాకు."

సాయం పట్టింది. గదిలోకీ వెళ్ళింది. అన్నయ్య వద్దనే ఓపిక కూడా లేక, గట్టిగా కళ్ళు మూసుకుని హ్యాండిల్ పట్టుకున్నాడు.

"కళ్ళెందుకు మూసుకున్నావు?"

"మూసుకునే తిప్పాలి. నాన్న చెప్పాడు. నాన్నకి తాత చెప్పాడు."

అతను తిప్పుతుంటే చెంపల మీద గడ్డం మొలుచుకొస్తోంది, తడిసిన నేల మీద గడ్డిలా. చెల్లెలు ఆ ముఖాన్ని చూడలేక యంత్రం వైపు తిరిగింది. అలవాటైన కళ్ళు హ్యాండిల్ దగ్గర మొదలుపెట్టి, కడ్డీ వెంబడి వెనక్కి వెళ్ళాయి. మూరెడు దూరంలో కడ్డీ అయిపోయింది. దాని తర్వాత ఏమీ లేదు. పళ్ళచక్రాలన్నీ అటు గోడ దగ్గర తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"అన్నయ్యా, ఆపు. కళ్ళు తెరువు."

పన్నెండు చుట్లూ పూర్తయ్యాకే తెరిచాడు. ఆమె వేలు పెట్టి చూపించింది. అతను వంగి కడ్డీ చివర చూశాడు. గడ్డం ఒకసారి తడుముకుని, "పద, బాబాయ్ ఎదురుచూస్తుంటాడు" అన్నాడు.

ఆ సాయంత్రమే చెల్లెలు బజారు సంఘం ప్రెసిడెంటు గారి బట్టల షాపుకి వెళ్ళింది. ఆయనకి డెబ్భై దాటినా జుట్టు నిగనిగలాడే నలుపు. చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు.

"తెలుసమ్మా" అన్నాడు చివరికి. "మా నాన్నకీ తెలుసు."

ఆమెకి కోపం కన్నా ముందు నవ్వొచ్చింది. "తెలిసీ మా వాళ్ళని పంపారా?"

"గడియారం నడవాలని ఎవరన్నారు? తిప్పడం ఆగకూడదు, అంతే. మీ ఇంటికి ఎంత గౌరవం! మీటింగుల్లో ముందు వరస కుర్చీ ఎవరిది?"

"కూర్చోడానికి మనిషుండాలిగా ఆ కుర్చీలో."

"చూడు, మీ అన్నకి ఇంక ఓపిక లేదు. ఈ పనికి మీ రక్తమే కావాలి. ఆడపిల్లవని మేమేం అనుకోం. కాలం మారింది కదా. వచ్చే సోమవారం నుంచి నువ్వెక్కు."

కాలం మారింది అన్నమాట ఎంత ఉదారంగా అన్నాడంటే, షాపులో గుడ్డ కొలుస్తున్న గుమాస్తా కూడా మెచ్చుకోలుగా తల ఊపాడు.

ఇంట్లో సంగతి తెలిశాక అన్నయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు. పదకొండేళ్ళలో ఒక్కనాడూ ఎదురు మాట్లాడని మనిషి, కిటికీ ఊచలు పట్టుకుని గొంతు పెంచాడు.

"ఇంకో నాలుగైదు నెలలు నేనే ఎక్కుతా. కూర్చుంటూ ఎక్కుతా."

"నువ్వూ ఎక్కవు, నేనూ ఎక్కను."

"ఆపేస్తే ఊరికేమవుతుందో?"

"ఏమవుతుంది?"

"ఏమో. ఎప్పుడూ ఎవరూ ఆపలేదుగా" అన్నాడు. అన్నాక ఆ మాట తన చెవికే వింతగా తోచినట్టు చెల్లెలి వంక చూశాడు. కాసేపటికి మేకుకి వేలాడే స్తంభం తాళంచెవి తీసి, వచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "నిన్ను గడ్డివాములాంటి తెల్ల జుట్టుతో చూడలేను నేను. నీ ఇష్టం ఏదైతే అది చెయ్యి."

సోమవారం బజారు బజారంతా స్తంభం దగ్గర చేరింది. ఆడపిల్ల కీ ఇవ్వడం ఎవరూ చూసి ఉండలేదు. బాబాయ్ ఈసారి కత్తి తేలేదు. దువ్వెన ఒక్కటే తెచ్చి, ఎటు చూడాలో తెలీక స్టూలు తుడుస్తున్నాడు.

చెల్లెలు తలుపు తాళం తీసింది. తలుపు బార్లా తెరిచి, పక్కకి జరిగి నిలబడింది.

"మా ఇంటి నుంచి ఇంకెవరూ ఎక్కరు. పైన ఆ హ్యాండిల్ దేనికీ తగిలించి లేదు. నమ్మకపోతే వెళ్ళి చూసుకోండి. తిప్పితీరాలి అనుకునేవాళ్ళు తిప్పుకోండి."

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఎవరో గొణిగారు. ముందు వరసలోని మిఠాయి షాపాయన గొంతు సవరించుకుని, "ఎవరో ఒకరు తిప్పాలి కదమ్మా" అన్నాడు.

"మీరు రండి మరి."

ఆయన మిఠాయి షాపు వైపు చూసి, పాలు పొంగిపోతున్నాయేమో అంటూ రెండడుగులు వెనక్కి వేశాడు. మిగిలినవాళ్ళ చూపులు ఒక్కొక్కటే వెళ్ళి ప్రెసిడెంటు గారి మీద వాలాయి. ఊరి కోసం నెలేమిటి, ప్రాణమైనా ఇస్తానని ఏటేటా మైకులో చెప్పిన మనిషాయన.

"ఆ రక్తం కానివాళ్ళు తిప్పితే అది పలకదు" అన్నాడాయన.

"పలక్కపోతే మంచిదే. మీకు పోయేదేముంది?" అంది చెల్లెలు.

ఇంక వెనక్కి తగ్గడానికి దారి లేదు. కండువా సర్దుకుని, పిల్లదాని పొగరు అణచడానికే అన్నట్టు, ప్రెసిడెంటు గారు మెట్లెక్కాడు.

ముప్పావుగంటకి దిగాడు. ముఖమంతా తెల్లటి గడ్డం. నిగనిగలాడే నల్ల జుట్టు కింద, మొదళ్ళలో వేలి మందాన తెలుపు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ అయ్యో అనలేదు. ఆయన స్టూలు మీద కూలబడి, ఎడం చేతి గోళ్ళ వంకే చూస్తూ ఉండిపోయాడు.

రక్తం ఎవరిదైనా ఒకటేనని బజారుకి ఆ క్షణంలో అర్థమైంది. చెల్లెలు తాళంచెవి అందరికీ కనిపించేలా పైకెత్తింది.

"వచ్చే సోమవారం ఎవరి వంతు?"

షట్టర్లు తియ్యాలని కొందరికి గుర్తొచ్చింది. బడి టైమైపోతోందని కొందరికి. అయిదు నిమిషాల్లో స్తంభం ముందు ముగ్గురే మిగిలారు. చెల్లెలు, దువ్వెన పట్టుకున్న బాబాయ్, స్టూలు మీద పెద్దాయన.

"కత్తి పట్టుకురమ్మంటారా అయ్యా?" అని అడిగాడు బాబాయ్.

ఆయన స్టూలు మీంచి లేచాడు. గడ్డంతోనే ఇంటికి నడిచాడు. చెల్లెలు తాళంచెవిని తలుపుకే వదిలేసి వెళ్ళి షాపు తీసింది. ఆ తాళంచెవిని తర్వాత ఏ చెయ్యీ ముట్టుకోలేదు. అక్కడే తుప్పు పట్టింది.

ఆ రోజు ఎండ చల్లబడ్డాక అన్నయ్య చేతికర్ర వేసుకుని షాపు దాకా వచ్చాడు. పొద్దుట్నుంచీ ఏదో జరుగుతుందని కూర్చున్నాడట. రెండుసార్లు నిద్రపోయాడట, ఆకలేసి లేచాడట. వీధి చివర వంతెన వైపు చూస్తూ, అటు వెళ్ళి ఎన్నేళ్ళయిందో అన్నాడు.

చెల్లెలు షాపు మూసింది. ఇద్దరూ బయల్దేరారు. అతని అడుగుకి తగ్గట్టు ఆమె అడుగు చిన్నది చేసుకుంది. వంతెన మధ్యలో ఆగి, కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. కింద నీళ్ళ మీద వెలుగు ఇంకా పోలేదు.

"ఇంకా సోమవారమేనా?" అని అడిగాడు.

"ఇంకా సోమవారమే."

"అయితే అవతలి ఒడ్డు దాకా పోదాం" అన్నాడు అన్నయ్య.