షిరాజ్‌లో మిరియం ఘాటు

తాడేపల్లిగూడెం కిరాణా బజారులో పాపారావు నాలుకంటే అందరికీ హడలు. మిరియాల బస్తా విప్పితే నాలుగు గింజలు కొరికి, ఉమ్మేసి, బొప్పాయి గింజలు కలిశాయో లేదో చెప్పేస్తాడు. అనుమానం పెనుభూతమంటారు, పాపారావు ఆ భూతానికి రోజూ వేళకు అన్నం పెట్టి పెంచుకుంటున్నాడు. కల్తీ లేనిది లోకంలో తన కొట్లో సరుకొక్కటేనని నమ్మకం. ఆ నమ్మకమూ మధ్యమధ్య సడలి, తన డబ్బాల మూతలే తీసి వాసన చూసుకుంటాడు.

అలాంటి మనిషి ముందు ఆ ఆదివారం మధ్యాహ్నం బావమరిది భానుప్రకాష్ ఒక సీసా పెట్టాడు. నాసిక్ దగ్గర స్నేహితుడితో కలిసి షిరాజ్ ద్రాక్ష పండించి, కాసిని సీసాలు మాత్రమే తయారుచేసిన ఎర్ర వైను. ఏలూరు వ్యాపారి ప్రసాదరావు వాటాకు వస్తే తోట నిలబడుతుంది. లేకపోతే అమ్ముకోవడమే. ఆయన ఒకటే మాటన్నాడు: "నాకీ వైన్ల సంగతి తెలీదండీ. పాపారావుగారు రుచి చూసి బాగుందంటే చాలు."

పాపారావు భార్య భ్రమరాంబ తమ్ముడి మొహం చూసి ఊరుకుంది గానీ, ద్వారకా తిరుమల వెంకన్న పటమున్న గది తలుపు మాత్రం దగ్గరగా వేసి వచ్చింది.

"మింగక్కర్లేదు బావగారండీ. నోట్లో తిప్పి ఉమ్మేయండి. రుచి చూసేవాళ్లంతా అంతే."

అది తనకు అలవాటైన పనే. పాపారావు స్టీలు గ్లాసులో కొంచెం పోయించుకుని నోట్లో తిప్పాడు. పులుపు, వగరు, వాటి కింద ఏదో పండు. బాగానే ఉందే అనుకుంటూ ఉమ్మేసేంతలో నాలుక చివర చురుక్కుమంది.

"ఏరా, మిరియాలు కలిపావా?"

భాను మొహం వెలిగింది. "పట్టేశారండీ! షిరాజ్ గుణమే అదండి. ఆ ఘాటు ద్రాక్షలోనే ఉంటుంది."

ద్రాక్షలో మిరియం! పాపారావుకు ఒళ్లు మండింది. పస లేని సరుకుకే మసాలా దట్టిస్తారని ఏ కొట్టువాడికి తెలియదు? పైగా అంత చిక్కటి రంగా? తమలపాకుల పళ్లెంలోంచి కాస్త సున్నం గోటితో తీసి గ్లాసులో కలిపాడు; అసలు రంగైతే మారదని అతని లెక్క. ఎర్రటిది కాస్తా నీలమూ పచ్చా కలిసిన మురికి రంగుకు తిరిగింది.

"అద్దకం రంగురా ఇది!"

భాను చెప్పబోయినా వినలేదు. ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక కొన్న సెల్‌ఫోన్ తీసి, ఏలూరుకు అక్కడికక్కడే చెప్పేశాడు. "మావాడేగానండీ, ఉన్నమాట చెప్పాలి. మిరియం, రంగు, రెండూ కలిశాయి. మీరు వేలు పెట్టకండి."

అయినవాణ్ణి కూడా వదల్లేదని గర్వంగా ఫోన్ కింద పెట్టాడు. భాను సీసాకు బిరడా బిగించాడు.

భ్రమరాంబ వంటింట్లోకి వెళ్లి గుప్పెడు నేరేడు పళ్లు గిన్నెలో పిసికి తెచ్చింది. అందులో సున్నం వేసి మొగుడి ముందు పెట్టింది. అదే మురికి రంగు.

"ఇదీ అద్దకమేనాండీ? పొద్దున్న మీరు ఏరి తెచ్చిన పళ్లే. నా తమ్ముడి నోటిదగ్గర కూడు లాగేశారు." ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది.

పాపారావు గిన్నెలోకీ గ్లాసులోకీ మార్చి మార్చి చూశాడు. రంగు పండుదే అయితే ఘాటూ పండుదే అయ్యుండాలి; సిగ్గేసింది. మొండివాడే గానీ అబద్ధాలకోరు కాదు. వెంటనే మళ్లీ ఫోన్ చేశాడు.

"ప్రసాదరావుగారండీ, పొరపాటు నాదేనండి. మంచి సరుకది. ఏమీ కలవలేదు."

అవతలి నుంచి మర్యాదగా ఒక నవ్వు.

"అర్థమైందండీ. ఇంట్లో ఆవిడ కంటతడి పెడితే ఎవరైనా అలాగే అంటారు లెండి. మీ మొదటి మాటే నేను నమ్ముతానండి." ఫోన్ పెట్టేశాడు.

భాను సంచి భుజాన వేసుకున్నాడు. పాపారావు కంగారుగా లేచి చొక్కా అందుకున్నాడు.

"ఉండరా, నేనూ ఏలూరు వస్తాను. ఆయన ఎదుట నిలబడి ఒట్టేసి చెప్తాను."

"ఎందుకు లెండి బావగారూ," అన్నాడు భాను, చెప్పులు వేసుకుంటూ. "సొంత బావమరిది కోసం ఎవరైనా వచ్చి ఒట్టేస్తే, మీరైతే నమ్ముతారాండీ?"