ఇనాం వద్దన్న కుప్పమ్మ

వడమాలపేట దాటాక పుత్తూరు రోడ్డు పక్కనున్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఏటా సీజను ముగిసే రోజున ఒక వేడుక జరిగేది. యజమాని జయచంద్ర కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. పండ్లు కదిలొచ్చే బెల్టు దగ్గర తొడిమలు కోసే ఆడవాళ్లు వరుసగా వచ్చి కొంగు పట్టేవాళ్లు. ఒక్కొక్కరి కొంగులో ఒక చీర, దానిమీద కొంత డబ్బు పడేది. దాన్ని ఇనాం అనేవారు. చూసినవాళ్లంతా "ఎంత ధర్మాత్ముడు!" అని మెచ్చుకునేవారు. మనం చూసి ఉన్నా ఆ మాటే అనేవాళ్లం.

అయితే ఒక ఏడాది వాళ్లలో దేవకమ్మ అనే ఆమెకు ఇనాం అందలేదు. తాగే నీళ్లు కాగిపోతున్నాయని సూపర్‌వైజరుతో గొడవపడటమే ఆమె చేసిన నేరం. అప్పటినుంచి ఆ బెల్టు దగ్గర ఎవరూ నోరు మెదపలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ప్రభుత్వం కనీస కూలి పెంచింది. ఆ సీజను మొదటిరోజే జయచంద్ర కుప్పమ్మను పిలిపించాడు. ఊళ్లో ముప్పై మంది ఆడవాళ్లను కూడగట్టి పనికి తెచ్చేది ఆమే. ఇప్పుడు తన నోరు జారితే ముప్పై ఇళ్లలో పొయ్యి వెలగదని ఆమెకు తెలుసు.

"ఏం మే కుప్పమ్మా, కూలి పాతదే. గుజ్జు కొనే మద్రాసోళ్లు రేటు పెంచలా. నేను యాడినుంచి తెచ్చేది? అట్లని మిమ్మల్ని వదిలేస్తానా? పెరిగిందంతా కలిపి సీజను కడాన ఇనాం కింద ఇచ్చేస్తా. పదో పరకో ఎక్కువే పడతాది, పో."

వెనక నిలబడ్డ తోటి కూలి అలివేలమ్మ ఒప్పుకోమని మోచేత్తో పొడిచింది. కుప్పమ్మ తటపటాయించింది. జయచంద్ర చెడ్డవాడేమీ కాదు. ఆమె కోడలికి కాన్పు కష్టమైతే తన జీపులో తిరుపతి ఆస్పత్రికి పంపిన మనిషి. అలాంటి మనిషిని ముఖం మీదే కాదనడం ఎలా?

"అయ్యా, ఒక మాట అడగతా, కోపం చేసుకోవద్దండి. ఇనాముకు దుడ్డు ఉండాది గదా?"

"ఉండాది."

"మరి ఆ దుడ్డే కూలిగా ఇయ్యడానికి ఎందుకు లేదు?"

జయచంద్ర ముఖం చిట్లించాడు. కుప్పమ్మ ఆగలేదు.

"ఇనామంటే మీరు మెచ్చినోళ్లకు పడతాది, నోరెత్తినోళ్లకు ఎగిరిపోతాది. మాకు చీరలొద్దు, పైన పడే పదీ పరకా వద్దు. కూలి అని చెప్పి వారం వారం చేతికియ్యండి. కాదంటే ఇంటికి పోతాం."

"నా ఉప్పు తిని నాకే ఎదురు చెప్తావా?"

"ఉప్పు తిన్నాం, మీ పండ్లూ కోసినాం సామీ."

జయచంద్ర విసురుగా బయటికి వెళ్లాడు. గేటు ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. ఎండకు పండ్లు మగ్గి వాసన కొడుతున్నాయి. నిజం చెప్పాలంటే ఆయన్ను బాధించింది ఖర్చు కాదు. తాను ఇచ్చేవాడు, వాళ్లు పుచ్చుకునేవాళ్లు అన్న పెద్దరికం చేజారిపోతోందని ఆయన బాధ. ఆ సంగతి తనకే తెలిసొచ్చి సిగ్గుపడ్డాడు. లోపలికి తిరిగొచ్చి, "కూలి కొత్తదే. పొండి, పని సూసుకోండి" అన్నాడు.

ఫ్యాక్టరీ మూతపడలేదు. లాభం కాస్త తగ్గిన మాట నిజమే. కానీ వాన పడగానే చెనిక్కాయ, అదే వేరుశెనగ, విత్తడానికి సగం మంది వెళ్లిపోవడం, ఇక్కడ పండ్లు కుళ్లిపోవడం ఏటా ఉండేది; వారం వారం కొత్త కూలి చేతికందడంతో ఆ ఏడు దాదాపు ఎవరూ కదల్లేదు. అలివేలమ్మ మాత్రం చీర పోయిందని కుప్పమ్మను నెల్లాళ్లు సాధించింది.

ఒకరోజు జయచంద్ర బెల్టు దగ్గరికి వచ్చినప్పుడు దేవకమ్మ పని ఆపి ముందుకొచ్చింది.

"సొన పడి చేతులు పొక్కిపోతా ఉండాయయ్యా. అందరికీ గ్లౌజులు తెప్పించండి."

అడిగేటప్పుడు ఆమె గొంతు వణకలేదు. పక్కనున్నవాళ్లు భయపడి తల దించుకోలేదు. జయచంద్ర ఆ చేతులు చూసి, మర్నాటికల్లా తెప్పించమని సూపర్‌వైజరుకు చెప్పాడు.

కుప్పమ్మకు గర్వంతో కళ్లు చెమ్మగిల్లాయి. "మన దేవకి గొంతు ఎంత పెద్దదో సూసినావా!" అంది అలివేలమ్మతో.

చదువరులారా, ప్రభుత్వం పెంచింది కూలిని మాత్రమే. గొంతును ఆ ఆడవాళ్లు తామే పెంచుకున్నారు. కష్టానికి ఫలం దయగా అందినంతకాలం మనిషి వంగే ఉంటాడు, అది హక్కుగా అందిన నాడే నిటారుగా నిలబడతాడు.