ముక్కు ఉద్యోగం

మా ఆయన చెంగల్రాయుడికి బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ముక్కుతో ఉద్యోగం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మాగిన కాయలు క్రేట్లలో వస్తాయి. ఆయన వంగి, తొడిమ దగ్గర ముక్కు పెట్టి, ఒక్కసారి గాలి పీల్చి "పో" అంటే ఆ క్రేటు మిషన్లోకి పోతుంది. "పక్క" అంటే పక్కకు పోతుంది. పులిసిన కాయలు లోపలికి పోయాయంటే ట్యాంకు మొత్తం పారబోసుకోవాల్సిందే. అందుకే సీజను మూడు నెలలూ మేనేజరు జయచంద్ర సారు కూడా ఆయన్ని "అన్నా" అనే పిలుస్తాడు. ముక్కు చెంగల్రాయుడంటే పలమనేరు దాకా తెలుసు.

ఆ ముక్కు రెండేళ్లపాటు పనిచేయలేదన్న సంగతి మాత్రం అప్పట్లో నాకొక్కదానికే తెలుసు.

అదైనా ఎట్లా తెలిసిందంటే, ఒకరోజు పొయ్యి మీద పప్పు పెట్టి పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. మాడు వాసన వీధి చివరిదాకా కొట్టింది. పరుగెత్తుకొచ్చి చూస్తే గిన్నె బొగ్గయిపోయింది, ఈయన దాని పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. "ఏమైందే, అట్ల పరిగెత్తుకోని వస్తావు?" అని నన్నే అడిగాడు. ముప్పై ఏళ్లుగా రోజుకొక కట్ట బీడీలు తాగితే ఆ ముక్కు మాత్రం ఏం చేస్తుంది, పాపం.

"మరి ఫ్యాక్టరీలో ఎట్ల చెప్తాండావు?" అని అడిగాను.

"రంగు సూసి, ఒత్తి సూసి."

"తప్పితే?"

"ఊరుకో మే, ఇంకా తప్పలేదు గదా."

నాకు ఒళ్లు మండింది. కానీ ఏం చేస్తాను, కట్టుకున్నాక. నేనూ అదే ఫ్యాక్టరీలో పనిచేస్తాను కాబట్టి ఆయనకు క్రేట్లు అందించే పని అడిగి తీసుకున్నాను. క్రేటు జరిపేటప్పుడు ముందు నేనే వాసన చూసేదాన్ని. బాగుంటే అంచు మీద వేలితో ఒక దెబ్బ, పులిసి ఉంటే రెండు. ఆయన కళ్లు మూసుకుని, తపస్సు చేస్తున్న మునిలాగా ఒక నిమిషం నిలబడి, "పక్క" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపేవాళ్లు. ముక్కు నాది, పేరు ఆయనది.

దీనికి బదులుగా నేను అడిగింది ఒక్కటే, బీడీ మానమని. దానికేం, ఐదుసార్లు మానాడు. నా తల మీద ఒట్టేశాడు, అన్నం మీద వేశాడు, కొత్త గ్యాసు సిలిండరు మీద కూడా వేశాడు. కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేద్దాం పదమంటే మాత్రం కదిలేవాడు కాదు. ఆ స్వామి ముందు ప్రమాణం చేసి తప్పితే శిక్ష తప్పదని మా జిల్లాలో అందరి నమ్మకం. "ఆగు మే, సీజను అయిపోనీ" అనేవాడు. సీజను అయిపోయాక కాళ్లనొప్పులు వచ్చేవి.

అన్నిటికంటే విడ్డూరం ఇంకొకటి ఉంది. ఫ్యాక్టరీ వెనక షెడ్డు చాటున బీడీ తాగి, నోట్లో ఒక పిప్పరమెంటు వేసుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి నా పక్కన నిలబడేవాడు. తనకు వాసన రావడం లేదు కదా, కాబట్టి ఎవరికీ రాదని ఆయన లెక్క. "యాడికి పోయింటివి?" అంటే "నీళ్లు తాగేదానికి" అనేవాడు. మా పక్కన పనిచేసే ఎస్తేరు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నీళ్లు శానా ఘాటుగా ఉండాయి వదినా" అనేది.

ఇట్లా రెండు సీజన్లు నెట్టుకొచ్చాం. మూడో సీజనులో, జూన్ నెలలో, మొదటి వానకు తడిసి నాకు జలుబు పట్టింది. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. సరిగ్గా ఆ రోజే మా గుజ్జు కొనే కంపెనీ తరఫున చెన్నై నుంచి స్టెల్లా మేడమ్ తనిఖీకి వచ్చింది. ముక్కు చెంగల్రాయుడి పేరు విని, పని చూస్తానంది.

"నాకు వాసన తెలియడం లేదయ్యా. కడుపునొప్పని చెప్పి ఇంటికి పోదాం రా" అని గుసగుసగా చెప్పాను.

"అంత దూరం నుంచి నా కోసం వచ్చిండాది, పోతే ఏం బాగుంటాది?" అన్నాడు. చొక్కా సర్దుకున్నాడు కూడా.

క్రేటు వచ్చింది. కాయలు పైకి పసుపుపచ్చగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. నేను మూసుకుపోయిన ముక్కుతో గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. భయపడుతూనే ఒక దెబ్బ కొట్టాను. ఆయన కళ్లు మూసుకుని, ముక్కు కాయల్లో ముంచి, నిదానంగా పీల్చి, "ఆహా, తేనె మాదిరి ఉండాది మేడమ్" అన్నాడు.

కళ్లు తెరిచేసరికి స్టెల్లా మేడమ్ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి పోయింది. జయచంద్ర సారు మోచేతిలో ముఖం దాచుకున్నాడు. ఎస్తేరు వాకిట్లోకే పరుగెత్తింది. కాయలు అడుగున కుళ్లి, పులిసి, ఆ షెడ్డులో నిలబడలేనంత కంపు కొడుతోందట. ఆ కంపు తెలియకుండా నవ్వు ముఖాలతో నిలబడింది మేమిద్దరమే.

"చెంగల్రాయన్నా," అన్నాడు సారు, ముఖం మోచేతిలోంచి తీయకుండానే, "నెల రోజులు టైమిస్తా. ముక్కు తెచ్చుకుంటే నీ పని నీది. ల్యాకుంటే తూకం కాడుండే జయరావుకు ఇస్తా. అందాక నువ్వు లోడింగులో ఉండు."

మా ఆయన ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. బీడీల మీద నాకెంత కోపమున్నా, ఆ రోజు ఆయన వీపు చూశాక తిట్టబుద్ధి కాలేదు. ఆయనకు ఉన్న పేరల్లా అదొక్కటే.

మర్నాడు చిత్తూరులో డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, పప్పు మాడిన కాడినుంచి అంతా చెప్పాను. ఒక గొట్టంలో ఊదమన్నాడు. సగం ఊదేసరికే ఈయనకు దగ్గు తెర వచ్చింది. డాక్టరు కాగితం చూసి, "మీ వయసు నలభై ఎనిమిది. ఈ ఊపిరి డెబ్బై ఏళ్ల ముసలాయనది" అన్నాడు.

"ఊపిరి సంగతి తర్వాత సార్, ముక్కు సంగతి సూడండి" అన్నాడు మా ఆయన.

"ముక్కు పోతే పప్పు మాడి తెలిసింది. ఊపిరితిత్తులు పోయేటప్పుడు ఏదీ మాడదు, ఎవరూ చెప్పరు. రెండూ బీడీ చేసిన పనే. మానితే వాసన కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు. ఒక్క బీడీ కూడా ముట్టకూడదు" అన్నాడు డాక్టరు. బీడీ మీదికి మనసు పోయినప్పుడు నమలమని ఏదో చూయింగ్ గమ్ రాసిచ్చాడు.

ఆ మొదటి వారం గురించి అడగకండి. అన్నంలో ఉప్పు ఎక్కువైందని అరిచాడు, తక్కువైందని అరిచాడు, ఫ్యాను తిరిగే చప్పుడుకు దాన్ని కూడా తిట్టాడు. రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. గమ్ ఎంత నమిలాడంటే మా ఆవు నెమరు ఆపి ఆయన్నే చూసేది. నేను ఇల్లు దులిపి మిక్సీ డబ్బాలో ఒక కట్ట, ఎల్‌ఐసి కాగితాల మధ్య ఒక కట్ట, పాత టార్చిలైటులో బ్యాటరీలకు బదులు ఒక కట్ట పట్టుకున్నాను. అన్నిటినీ ఆయన చేతే పేడగుంటలో వేయించాను. వేసి, కాసేపు అక్కడే నిలబడి చూశాడు.

రోజూ పొద్దున్నే ఒక కాయ పట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. పీల్చేవాడు, తల అడ్డంగా ఊపేవాడు. పదిరోజులు, ఇరవై రోజులు. ఇక రాదేమోనని నాకూ గుబులు పట్టుకుంది.

ఇరవై ఆరో రోజు పొద్దున కసురుకుంటూ లేచాడు. "ఇంట్లో ఏందో సచ్చిండాది మే. ఎలకనో, పిల్లినో. కంపు." మంచం ఎత్తాడు, బియ్యం డ్రమ్ము జరిపాడు. వాసన పట్టుకుంటూ పోయి, కొయ్యకు తగిలించిన తన పాత మఫ్లరు దగ్గర ఆగాడు. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ముఖం ముడుచుకున్నాడు.

"ఇదేంది, ఇంత కంపు?"

"బీడీ కంపు. నీదే" అన్నాను.

మఫ్లరు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. ముక్కు తిరిగొచ్చిందన్న సంతోషం కూడా ముఖంలో లేదు.

"ఇన్నాళ్లూ నాకాడ ఇదే వస్తా ఉన్నిందా?"

"మన పెండ్లయిన కాణ్నించి, ఇరవై ఆరేండ్లుగా."

"నువ్వెట్ల పడుకున్నావే నా పక్కన?"

మానమని నేను అడిగినప్పుడల్లా ఆయన ఏం చెప్పేవాడో అదే చెప్పాను. "అలవాటైపోయిండాది, ఏం చేసేది."

మఫ్లరును తనే కొళాయి దగ్గరికి తీసుకుపోయి, నా సబ్బులన్నీ అరగదీసి ఉతికాడు.

నెల నిండిన రోజు జయచంద్ర సారు పది క్రేట్లు వరుసగా పెట్టించాడు. జయరావు కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ఆయన తొమ్మిది సరిగ్గా చెప్పాడు. పదోది నాకు బాగానే అనిపించింది. చెప్పొద్దూ, భయం కొద్దీ పాత అలవాటుగా అంచు మీద ఒక దెబ్బ కొట్టాను. ఆయన కళ్లు తెరిచి నావైపు చూశాడు.

"నువ్వు కొట్టొద్దులే మే. నాకు తెలుస్తాండాది" అని, మళ్లీ వంగి పీల్చి, "పక్క. అడుగున ఒకటి పులిసిండాది" అన్నాడు.

క్రేటు కుమ్మరించారు. ఉంది, ఒక్కటే. నా ముక్కుకు కూడా అందనిది. సారు "అన్నా" అని భుజం మీద చెయ్యి వేశాడు. నాకు ఏడుపొచ్చింది, క్రేట్ల చాటుకు పోయి ఏడ్చాను.

సాయంత్రం బస్టాపు దగ్గర బీడీల బంకు గురప్ప అలవాటుగా బీడీ కట్ట తీసి ముందుకు చాపాడు. మా ఆయన చెయ్యి సగం దాకా పోయింది. చెయ్యి అక్కడే ఆగి, వెనక్కి వచ్చి, జేబులో దూరింది.

"సూసినావా," అన్నాడు నాతో, నెమ్మదిగా. "వద్దనుకున్నా పోతాండాది. నన్ను నమ్మొద్దు మే. కాణిపాకం పోదాం పద."

"రేపు పొద్దున్నే పోదాంలే, తలకు పోసుకోని."

"రేపటికి మనసు మారిపోతాది. ఇప్పుడే."

కాణిపాకం వైపు పోయే చిత్తూరు బస్సు వచ్చింది. సీట్లు లేవు, నిలబడే పోయాం.